హచికో పుట్టిల్లు

పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలు ఏదో సినిమా చూసి, ముక్కు చీదుకుంటూ వచ్చి నా పక్కన చేరింది. "అమ్మమ్మా, మనమూ ఒక అకితా కుక్కని తెచ్చుకుందామే" అంది. చనిపోయిన యజమాని కోసం రైలుస్టేషను దగ్గర ఏళ్ళ తరబడి కాచుక్కూచున్న జపాను కుక్క కథట. వాళ్ళమ్మేమో "ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కో, తర్వాత చూద్దాం" అని తప్పించుకుంది. పిల్ల ఆ పని కాస్తా నాకు అప్పజెప్పింది. పిల్లనిచ్చేటప్పుడు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ వెతికేవాళ్ళం, కుక్కకి మాత్రం ఎందుకు వెతక్కూడదూ అని నేనూ కూచున్నాను.

జపానులో ఉత్తరాన, మంచు దట్టంగా కురిసే అకితా ప్రాంతం వీటి పుట్టిల్లు. అక్కడి కొండల్లో మతగి అనే వేటగాళ్ళు ఎలుగుబంట్ల వేటకి తీసుకెళ్ళిన కుక్కల సంతతి ఇది. ఒంటినిండా రెండు పొరల బొచ్చు, వీపుమీదికి చుట్టుకున్న తోక. మగకుక్క భుజం దగ్గర ఇంచుమించు 67 సెంటీమీటర్ల ఎత్తు. అంటే మన భోజనాల బల్లకి కాస్త తక్కువ!

పందొమ్మిదో శతాబ్దం చివర ఓదాతే ఊళ్ళో మన కోడిపందాల్లా కుక్కపందాల పిచ్చి పట్టుకుంది. ఇంకా బలం కావాలని వీటిని వేరే జాతులతో కలిపేశారు. అసలు జాతే పోయేట్టుందని 1927లో అక్కడ సంరక్షణ సంఘం పెట్టారు. 1931లో ప్రభుత్వం అకితా కుక్కని కాపాడుకోవలసిన ప్రకృతి సంపదగా ప్రకటించింది.

సినిమాలోని హచి పుట్టింది 1923 నవంబరులో, ఓదాతే దగ్గరే. రెండు నెలల పిల్లగా ఉండగానే రైలెక్కించి టోక్యోకి పంపారు, వ్యవసాయశాస్త్రం చెప్పే ఉయెనో హిదెసబురో అనే ప్రొఫెసరు గారింటికి. ఆ ముచ్చట ఏడాదిన్నర కూడా లేదు. 1925 మే 21న ఆయన విశ్వవిద్యాలయంలోనే మెదడులో రక్తనాళం చిట్లి పోయాడు.

ఇక్కడే నేను ఆగిపోయాను. ఆ ఇంట్లో యాయే అనే ఆవిడ ఉండేది. ఆయనతో కాపురం చేసిన మనిషే, కాని చట్టప్రకారం పెళ్ళి జరగలేదు. ఆయన పోగానే ఆవిడకి ఆ ఇల్లు లేకుండా పోయింది. దాంతో కుక్కకీ లేకుండా పోయింది. హచి ఆ ఇంటా ఈ ఇంటా తిరిగి, చివరికి వాళ్ళ తోటపని చేసిన మనిషి ఇంట్లో పడింది. ఆ ఇల్లు షిబుయా స్టేషనుకి దగ్గర. రోజూ వెళ్ళి అక్కడ కూచునేది. మొదట్లో దిక్కులేని కుక్కని తన్ని తరిమినవాళ్ళే ఎక్కువ. 1932లో పత్రికలో కథ పడ్డాక అందరికీ ముద్దొచ్చింది. 1934 ఏప్రిల్లో విగ్రహం పెడితే, ఆ సభకి హచి కూడా హాజరు! 1935 మార్చి 8న చనిపోయింది. కడుపులో మాంసం గుచ్చే పుల్లలు దొరికాయి కాబట్టి అది తిండి కోసమే వచ్చేదని వాదించేవాళ్ళున్నారు. మా ఇంటికొచ్చే చుట్టాలు కాఫీ తాగే వెళతారు. అంతమాత్రాన కాఫీ కోసమే వచ్చారంటామా?

తర్వాత యుద్ధం వచ్చింది. ఆ కంచు విగ్రహాన్ని కరిగించేశారు. బతికున్న కుక్కల్ని చర్మాల కోసం పట్టుకుపోయారు. సైన్యానికి పనికొచ్చే జర్మన్ షెపర్డులకి మాత్రం మినహాయింపు. కొందరు తమ కుక్కల్ని కొండల్లో దాచి బతికించుకున్నారు. 1948లో మళ్ళీ విగ్రహం లేచింది, మొదటి శిల్పి కొడుకు చేతుల మీదుగా. యుద్ధం తర్వాత అమెరికా సైనికులు వెంట తీసుకెళ్ళిన కుక్కల సంతతి అక్కడ భారీగా పెరిగి, వేరే జాతే అయిపోయింది. అంతకుముందే, 1937లో హెలెన్ కెల్లర్ అకితాకి వెళ్ళినప్పుడు ముచ్చటపడితే ఒక పిల్లనిచ్చారు. పాపం, అది కొన్నాళ్ళకే జబ్బుచేసి పోయింది. 1939లో దాని తోడబుట్టినదాన్ని పంపారు.

యాయే సంగతి చెప్పలేదు కదూ. ప్రొఫెసరుగారి సమాధి పక్కన ఆవిడ అస్థికలకి చోటు దొరికింది 2016లో. కుక్కకి బతికుండగానే విగ్రహం. ఆవిడకి ఆయన పక్కన ఇంత చోటు దొరకడానికి తొంభై ఒక్క ఏళ్ళు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. అది ఎక్కువ మొరగదనీ, ఒక ఇంటినే నమ్ముకుంటుందనీ, కొత్తవాళ్ళనీ తోటికుక్కల్నీ దగ్గరకి రానివ్వదనీ, ఏటా రెండుసార్లు గుప్పెళ్ళకొద్దీ బొచ్చు రాలుస్తుందనీ చెప్పాను. మన మే నెల ఎండ సంగతి దానికి చెప్పక్కర్లేదు. అన్నిటికీ తల ఊపింది.

"సరేనే, వచ్చే ఏడు నువ్వు హాస్టలుకి పోతావు. అది గేటు దగ్గర కూచుంటే ఏం చెప్పమంటావు?" అన్నాను.

కాసేపు ఆలోచించింది. "నువ్వుంటావుగా అమ్మమ్మా" అంది.

పది పన్నెండేళ్ళు బతికే కుక్క. నాకిప్పుడు డెబ్భై నాలుగు.