4096 ఓట్ల పుట్టుపూర్వోత్తరాలు

2003వ సంవత్సరమున బెల్జియము దేశపు బ్రస్సెల్సు ప్రాంతములోని స్కార్‌బేక్‌లో జరిగిన ఎన్నికలలో, ఒక అభ్యర్థికి యంత్రము సరిగ్గా 4096 ఓట్లు అదనముగా కట్టబెట్టినదని తెలిసిన నాటినుండి నాకా సంఖ్యపై విచిత్రమైన మక్కువ ఏర్పడినది. పన్నెండు రెండ్లను ఒకదానితో నొకటి హెచ్చించిన ఫలమది. అనగా కంప్యూటరు మెమొరీలో సున్నగా ఉండవలసిన బిట్టు ఒక్కటి ఒకటిగా మారినచో కలిగెడి తేడా. రాదగినన్ని ఓట్లకంటె ఎక్కువ వచ్చుటచేతనే తప్పు పట్టుబడినది. ఆకసమునుండి వచ్చిన కిరణమే కారణమని పలువురు ఊహించిరి గాని, నిరూపించినవారు లేరు.

ఇట్టి దోషమునకు పెద్దలు లేకపోలేదు. చిప్పుల తొడుగులోని యురేనియము, థోరియముల లేశములు వెలువరించెడి ఆల్ఫా కణములు బిట్లను తారుమారు చేయునని 1978లో ఇంటెల్ పరిశోధకులు మే, వుడ్స్ తేల్చిరి. నాటికది ప్రమాదము మాత్రమే.

ఆ ప్రమాదము ఆయుధమైన 1996వ సంవత్సరమును తీరికగా చెప్పుకొనవలెను. డిజిటల్ సంతకమును త్వరగా చేయుటకై స్మార్టు కార్డు రెండు ప్రధానసంఖ్యలతో వేర్వేరుగా లెక్కగట్టి, ఫలితములను కలుపును. విద్యుత్తును ఒక్క క్షణము కుదిపి ఒక సగమును చెడగొట్టినచో, తప్పు సంతకమునకును ఒప్పు సంతకమునకును గల భేదముపైనను, ఆ రెండు ప్రధానసంఖ్యల లబ్ధముపైనను యూక్లిడు నాటి గ.సా.భా. పద్ధతి ప్రయోగించినంతనే గుప్త ప్రధానసంఖ్య బయటపడునని బెల్‌కోర్ సంస్థకు చెందిన బోనే, డిమిల్లో, లిప్టన్ చూపిరి. మరుసటి యేడు బిహామ్, షమీర్‌లు ఇట్టి యుక్తినే డీఈఎస్ సంకేతముపై నడిపిరి.

విరుగుడు సామాన్యమైనదే: సంతకమును వెలువరించుటకు ముందే సరిచూచుకొనవలెను, ముఖ్యమైన పరీక్షను రెండుమార్లు చేయవలెను, ‘సరి’, ‘కాదు’ అనువానికి 1, 0 గాక 01011010, 10100101 వంటి, ఎనిమిది బిట్లును ఎదురెదురైన సంఖ్యలు వాడవలెను. ఒక్క బిట్టు మారి మూడవది ఏదైన కనబడినచో పని ఆగిపోవును. ఆదిలాబాదు యార్డులో పత్తి తూకమును రెండవ కాంటాపై చూచుకొనెడి రైతుబుద్ధియే ఇది.

ఆ తరువాతి యేండ్లలో చెప్పదగినది 2014 నాటి రోహ్యామర్: మెమొరీలో ఒక వరుసను మరల మరల తట్టినచో పొరుగు వరుసలు చెడునని, పరీక్షించిన 129 మాడ్యూళ్ళలో 110 అట్లే లొంగినవని తేలినది.

ఇక మన సీమ సంగతి. ఓటింగు యంత్రపు మెమొరీ చిప్పునకు చిన్న పరికరము తగిలించి ఓట్లను మార్చవచ్చునని హైదరాబాదు వాసి హరిప్రసాద్, విదేశీ సహచరులతో కలసి 2010లో చూపెను. ఆ యేడు జూలైలో కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల స్థానములతో సహా 12 శాసనసభా స్థానములకు ఉపఎన్నికలు రాగా, కొన్నింట 64 మించిన అభ్యర్థులను నిలబెట్టి, యంత్రపు మేరను దాటించి కాగితపు బ్యాలెట్టును రప్పించిరి! 2019లో మన కోరుట్ల, జగిత్యాలలు కూడిన నిజామాబాదు లోక్‌సభ స్థానమున రైతులు పోటీకి దిగగా అభ్యర్థులు 185 మంది అయిరి. ఈసారి యంత్రమే పెరిగినది, 12 బ్యాలెట్ యూనిట్లు కూర్చి నెట్టుకొనివచ్చిరి.

అందరి కన్నులయెదుట కాగితము లెక్కించెడి వేడుక అట్లు పోయినది. ఓటు ఎవరికి పడినదో ఓటరుకు చూపెడి వీవీప్యాటు చీటి ఆ లోటును కొంత తీర్చినను, 2019లో ఒక్కొక్క శాసనసభా స్థానమున అయిదు కేంద్రముల చీటీలనే సరిచూచిరి. సాఫ్ట్‌వేరు తన యంత్రమును అనుమానించుట నేర్చినది. ఓటరు అనుమానించిన నాడు చూపుటకును కాగితము కావలెను గదా.