ముట్టి నేర్చుకొను విద్య
విజ్ఞాన ప్రదర్శనశాలలు, నక్షత్రశాలల చరిత్ర

నూరేండ్ల చరిత్రను స్మరించుకొను ఈ సంచికలో, ఇటీవలనే నూరేండ్లు నిండిన మరియొక సంగతిని పాఠకుల యెదుట ఉంచగోరుచున్నాము. 1923వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన జర్మనీ దేశమందలి మ్యూనిక్ నగరములో కొందరు ఒక గుండ్రని గోపురము క్రింద కూర్చుండిరి. దీపములు ఆర్పగానే వారి తలలపైన నక్షత్రములతో నిండిన ఆకాశము కనబడెను. గది నడుమ నిలిచిన ఒక యంత్రము ఆ వెలుగును గోపురముపై ప్రసరింపజేసినది. నేడు హైదరాబాదులోని నౌబత్ పహాడ్ కొండపైకి బస్సులలో వచ్చు బడిపిల్లలు చూచు నక్షత్రశాల ఆ యంత్రపు సంతతిలోనిదే.

పిల్లలు విజ్ఞానమును కంటితో చూచి, చేతితో ముట్టి నేర్చుకొనవలెనను ఈ తలంపు ఎక్కడ పుట్టినది? ఎవరెవరి చేతులలో పెరిగినది? మన పల్లె పిల్లవానివరకు ఎంతమట్టుకు చేరినది? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర ఇచ్చు జవాబును క్లుప్తముగా చెప్ప ప్రయత్నించుచున్నాము.

అద్దము తొలగుట

పూర్వకాలపు ప్రదర్శనశాలలు అపురూప వస్తువుల భాండాగారములు. అద్దాల పెట్టెలో వస్తువు, దాని ప్రక్కన ఒక చీటీ, గోడమీద 'ముట్టరాదు' అను పలక. ఇందులో న్యాయము లేకపోలేదు. వేయి సంవత్సరముల నాటి తాళపత్రమును అందరును ముట్టినయెడల అది నిలువదు. కాని యంత్రముల సంగతి వేరు. తిరుగని మోటారు, నీరు తోడని పంపు అద్దము వెనుక ఉన్నంత కాలము ఇనుప ముద్దలే గాని మరేమియు కావు. కదలినప్పుడే అవి తమ సంగతి చెప్పును.

ఈ తేడాను మొదట గుర్తించినవారిలో బెర్లిను నగరమువారు ఉన్నారు. అక్కడ 1888లో స్థాపింపబడిన యురేనియా అను సంస్థలో, చూడవచ్చినవారు మీట నొక్కి తామే ప్రయోగములు జరిపించుటకు వీలు కల్పించిరి. 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పిల్లలకొరకే ఒక మ్యూజియము తెరువబడెను. లోకములో పిల్లల మ్యూజియములకు అదియే మొదటిది.

ఈ పద్ధతిని పెద్ద యెత్తున నిలువబెట్టినవాడు ఆస్కార్ ఫాన్ మిల్లర్ అను విద్యుత్ ఇంజనీరు. ఆయన 1903లో మ్యూనిక్‌లో డాయిష్ మ్యూజియమునకు పునాది వేసెను. యంత్రములను నిలువునా కోసి లోపలి భాగములు కనబడునట్లు పెట్టించెను. చూడవచ్చినవారు తామే హ్యాండిలు త్రిప్పి పనిచేయించునట్లు ఏర్పాటు చేసెను. మొదటి ప్రపంచ యుద్ధము, దాని వెంట వచ్చిన ధరల పెరుగుదల పనిని ఆలస్యము చేసినవి. చివరకు ఈజార్ నదిలోని దీవి మీద కట్టిన పెద్ద భవనము 1925 మే 7న తెరువబడెను. ఆ దినమున ఆయనకు డెబ్బది సంవత్సరములు నిండినవి.

గోపురము క్రింద ఆకాశము

యంత్రములను చూపుట సాధ్యమైనది. మరి ఆకాశమును చూపుట ఎట్లు? మిల్లర్ ఈ ప్రశ్నను యేనా పట్టణములోని జైస్ కంపెనీవారి యెదుట ఉంచెను. మొదట అనుకొన్న పద్ధతి యేమనగా, మనుష్యులు లోపల నిలువగల పెద్ద గోళము చేసి, నక్షత్రములున్న చోట్ల వెలుగు కనబడునట్లు అమర్చి, గోళమునే త్రిప్పుట. అంత బరువును త్రిప్పుట సులభము కాదు. 1919లో వాల్టర్ బౌయెర్స్‌ఫెల్డ్ అను ఇంజనీరు ఆలోచనను తలక్రిందులు చేసెను. గోపురము కదలనవసరము లేదు. అది తెల్లగా, నిశ్చలముగా ఉండనిమ్ము. నడుమనున్న చిన్న యంత్రమే తిరుగుచు వెలుగును విసరవలెను.

చెప్పుటకు ఇది చిన్న మాటయే. అయితే సూర్యుడు, చంద్రుడు, గ్రహములు ఒక్కొక్కటి ఒక్కొక్క వేగముతో నడచును గనుక, వాటికి తగిన పళ్ల చక్రములను లెక్కించి అమర్చుటకు కొన్ని సంవత్సరములు పట్టినవి. 1923 నాటికి సిద్ధమైన యంత్రము నాలుగు వేలకు పైబడిన నక్షత్రములను చూపినది. ఏడాదిలో జరుగు గ్రహగమనమును నిమిషములలో కండ్లకు కట్టినది. ఆ మొదటి యంత్రము మ్యూనిక్ అక్షాంశపు ఆకాశమును మాత్రమే చూపగలిగినది. తరువాతి యంత్రములు భూమిమీద ఏ చోటి ఆకాశమునైనను చూపుటకు శక్తిగలవైనవి. 1930లో చికాగోలోని ఆడ్లర్ నక్షత్రశాలతో ఈ విద్య అమెరికా ఖండమునకు చేరెను.

దీనివలన పిల్లలకు కలిగిన మేలు ఒక ఉదాహరణతో తెలియును. హైదరాబాదులో ధ్రువ నక్షత్రము ఉత్తర దిక్కున నేలకు దాదాపు 17 డిగ్రీల ఎత్తున మాత్రమే కనబడును. మ్యూనిక్‌లో అదే నక్షత్రము 48 డిగ్రీల ఎత్తున నుండును. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద గీసి చెప్పినయెడల పిల్లలు దీనిని వల్లె వేయుదురు. నక్షత్రశాలలో దక్షిణమునుండి ఉత్తరమునకు ప్రయాణము చేయించి, ఆ చుక్క మెల్లగా పైకి లేచుట చూపినయెడల, భూమి గుండ్రముగా ఉన్నదని వారు తమ కండ్లతోనే తెలిసికొందురు.

జవాబు దాచిపెట్టిన ఉపాధ్యాయుడు

మీట నొక్కు పద్ధతిలో ఒక లోపము త్వరలోనే బయటపడినది. పిల్లవాడు మీట నొక్కును, దీపము వెలుగును, వాడు మరియొక మీట వద్దకు పరుగెత్తును. చేయి కదిలినది గాని మనస్సు కదలలేదు. ఈ లోపమును సరిదిద్దుటకు పాటుపడినవాడు ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. అణుబాంబు తయారీకి నాయకత్వము వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు ఈయన తమ్ముడు, తానును భౌతిక శాస్త్రవేత్తయే. 1949లో రాజకీయ కారణములవలన విశ్వవిద్యాలయములో ఉద్యోగము పోగొట్టుకొని, కొలరాడో రాష్ట్రములో పశువులను పెంచుకొనుచు జీవించెను. 1957 నుండి అక్కడి చిన్న ఊరి హైస్కూలులో విజ్ఞానము బోధించెను. పారవేసిన పాత సామానులనుండి ఏరిన ముక్కలే ఆ పిల్లలకు ప్రయోగ పరికరములైనవి.

1965లో ఐరోపా మ్యూజియములను దర్శించిన పిమ్మట ఆయన 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎక్స్‌ప్లోరేటోరియమును తెరిచెను. అక్కడ ఇటు నుండి అటు వెళ్లవలెనను వరుస లేదు. వస్తువులను తయారు చేయు కార్ఖానా అందరికి కనబడునట్లుండెను. పిల్లలకు సహాయము చేయుటకు హైస్కూలు విద్యార్థులనే నియమించిరి. వారి పని జవాబు చెప్పుట కాదు, ప్రశ్న పుట్టించుట. తమ పరికరములను ఎట్లు చేయవలెనో పుస్తకములుగా ప్రచురించి, ఇతర దేశములవారికిని అందించిరి.

ఇట్టి పరికరములలో మిక్కిలి సాధారణమైనది చేతితో త్రిప్పు జనరేటరు. హ్యాండిలు మొదట తేలికగా తిరుగును. దీపమునకు తీగె కలిపి స్విచ్చి వేయగానే హ్యాండిలు ఒక్కసారిగా బరువెక్కును. స్విచ్చి తీసినయెడల మరల తేలికపడును. శక్తి ఊరకే రాదు, ఎవరో ఒకరు శ్రమపడవలెనను సంగతి ఏ పుస్తకమును చెప్పనంత స్పష్టముగా పిల్లవాని భుజమునకు తెలియును.

గోడ దాటిన ప్రదర్శనశాల

మన దేశములో 1959 మే 2న కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియము తెరువబడెను. 1963లో ఆ నగరముననే పెద్ద నక్షత్రశాలకు ప్రధాని నెహ్రూ ప్రారంభోత్సవము చేసెను. సాంచీ స్తూపమును పోలిన కట్టడమది. అయితే నగరములో ఎంత గొప్ప భవనము కట్టినను, బెంగాలు పల్లెలలోని పిల్లలు ఎందరు అక్కడికి రాగలరు? ఈ ప్రశ్నకు కలకత్తా మ్యూజియమువారు ఇచ్చిన జవాబు లోకమునకు మన దేశము చూపిన మంచి మాదిరులలో ఒకటియని మా అభిప్రాయము. 1965లో వారు ప్రదర్శన వస్తువులను బస్సు మీదికి ఎక్కించి, పల్లె బడులకు పంపనారంభించిరి. పిల్లలు మ్యూజియమునకు రాలేనప్పుడు మ్యూజియమే పిల్లలయొద్దకు పోయినది.

1978లో జాతీయ విజ్ఞాన మ్యూజియముల మండలి ఏర్పడిన తరువాత ఈ పని దేశమంతట వ్యాపించెను. హైదరాబాదు నక్షత్రశాలను 1985 సెప్టెంబరు 8న ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించెను. దాని ప్రక్కనే 1990లో విజ్ఞాన మ్యూజియము వచ్చినది. ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి వద్ద దొరికిన కోటాసారస్ అను రాక్షసబల్లి అస్థిపంజరమును అక్కడ పిల్లలు చూడగలరు. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రము 1993లో ఏర్పడినది. చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతములో, 1999లో స్థాపింపబడిన అగస్త్య ఫౌండేషనువారు ప్రయోగశాలను వ్యానులలోను, మోటారు సైకిలు మీదను ఊరూరికి పంపుచున్నారు. పల్లె పిల్లలనే తోటి పిల్లలకు బోధకులుగా తర్ఫీదు చేయుచున్నారు. నక్షత్రశాల సహితము గోడ దాటినది. 1977లో ఫిలిప్ శాడ్లర్ అను అమెరికా ఉపాధ్యాయుడు గాలితో ఉబ్బు గోపురమును రూపొందించెను. దానిని మడిచి తీసికొనిపోయి, ఏ బడి హాలులోనైనను నిలువబెట్టవచ్చును.

మిగిలిన అడ్డు

అద్దము పోయినది, గోడయు పోయినది. మరి అడ్డేమియు మిగలలేదా? ఒక విజ్ఞాన కేంద్రములో మేము చూచిన సంగతి చెప్పెదము. ఒక బడి పిల్లలు వందకు పైగా, చేతులు వెనుకకు కట్టుకొని, వరుసగా నడుచుచుండిరి. ముందొక ఉపాధ్యాయుడు, వెనుక ఒక ఉపాధ్యాయురాలు. జనరేటరు వద్ద ఒక చిన్నపిల్ల ఆగినది. హ్యాండిలు త్రిప్పినది, దీపము వెలిగినది. స్విచ్చి తీసి మరల త్రిప్పి, ఆశ్చర్యముతో తల యెత్తినది. "లైను తప్పవద్దమ్మా, పద పద" అని కేక వినబడెను. ఆ పిల్ల అడుగబోయిన ప్రశ్న ఆ పిల్లతోనే పోయినది.

దీనికి ఆ ఉపాధ్యాయుని నిందింపలేము. బస్సు అద్దె గంటల లెక్క, పిల్లలు తప్పిపోవుదురను భయము, ఇద్దరికి వందమంది. అయినను 'ముట్టరాదు' అను పలకను తీసివేయుటకు పెద్దలు ఇన్ని యేండ్లు శ్రమపడగా, ఆ పలకను మనమే మరల పిల్లల మెడలో వ్రేలాడదీయుట తగునా? బస్సు అద్దె కొరకు కూలి డబ్బులలోనుండి మిగిల్చి ఇచ్చిన తలిదండ్రులకు మనము జవాబు చెప్పవలసియున్నది.

కావున పాఠశాలలు నడుపు పెద్దలకు మూడు మనవులు. వెళ్లుటకు ముందు ప్రతి పిల్లకు ఒక ప్రశ్న ఇచ్చి పంపుడి. అక్కడ యాబది వస్తువులు చూపుటకంటె అయిదింటి వద్ద నిలువనియ్యుడి. తిరిగి వచ్చిన తరువాత, చూచినవాటిలో ఒక్కటి బడిలో చేయించుడి. ఒక మేకు, కొంచెము రాగి తీగె, ఒక టార్చి సెల్లు ఉన్నయెడల విద్యుదయస్కాంతము సిద్ధము. ఉపాధ్యాయుడు "నాకును తెలియదు, చేసి చూతము" అనుటకు సిగ్గుపడనక్కరలేదు.

బస్సు ప్రయాణము వీలుపడని బడులకు ఆకాశమే ఉన్నది. మన తెలుగు నేలమీద సూర్యుడు ఏటికి రెండుసార్లు సరిగా నడినెత్తికి వచ్చును: ఏప్రిల్ చివరనో మే నెలలోనో ఒకసారి, జూలై చివరనో ఆగస్టులోనో ఒకసారి. ఆ మధ్యాహ్నము బడి ఆవరణలో నిలువుగా పాతిన కర్రకు క్షణకాలము నీడయే ఉండదు. మ్యూనిక్ పిల్లలకు తమ ఊరిలో ఈ వింత ఎన్నడును కనబడదు. వేసవిలో బడికి సెలవులు గనుక రెండవసారి మనకు అనుకూలము. మబ్బులు అడ్డుపడవచ్చును గనుక, ముందుగా కొన్ని దినములనుండియే ప్రతి మధ్యాహ్నము నీడను కొలిచి, గోడమీద వ్రాయించుడి. ఆ కొలత కర్రను పిల్లలకే అప్పగించుడి.