దవడ కీలు బాధలు: వ్యాయామం, చేతి చికిత్స

కింది దవడ పుర్రెతో కలిసే కీలులోనూ, దాన్ని నడిపే కండరాల్లోనూ వచ్చే నొప్పి, పట్టివేత, శబ్దాలను దవడ కీలు బాధలంటారు. వైద్యులు ఈ కీలును టీఎంజే అనీ, దాని బాధలను టీఎండీ అనీ పిలుస్తారు. చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే గుండ్రటి ఎముక ఒకటి కదలడం తెలుస్తుంది. అదే కీలు. నోరు తెరవగానే ఆ ఎముక తల మొదట ఉన్నచోటే తిరిగి, ఆపైన ముందుకు జారుతుంది. మధ్యనున్న మెత్తటి బిళ్ళ కూడా దానితోపాటే జారాలి. తప్పుకున్న బిళ్ళ మళ్ళీ చోటికి చేరేటప్పుడు ‘టక్’మంటుంది. చేరకుండా అడ్డుపడితే నోరు సగంలో ఆగిపోతుంది. నొప్పి లేని శబ్దానికి వైద్యం అక్కర్లేదు. పెద్దల్లో 5 నుంచి 12 శాతం మందికి ఈ బాధలుంటాయని అంచనా. ఆడవాళ్ళలో ఎక్కువ.

నొప్పి చాలాసార్లు చెవిపోటులా ఉంటుంది. కణతల్లోకీ మెడలోకీ పాకుతుంది. అందుకే ముందు చెవి డాక్టరు, అక్కడ ఏమీ లేదంటే పళ్ళ డాక్టరు, ఆ తర్వాత తలనొప్పి మాత్రలు, ఇలా తిరుగుతూ నెలలు గడిచిపోతాయి. ఈ తిరుగుడు లేకుండా నేరుగా వెళ్ళడానికి మన ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ డెంటల్ కాలేజీ ఉంది. తాడేపల్లిగూడెం వాళ్ళకు భీమవరంలోని విష్ణు డెంటల్ కాలేజీ కూడా అందుబాటులోనే ఉంది. దంత కళాశాలల్లో ఈ బాధను మొదట చూసేది ఓరల్ మెడిసిన్ విభాగం. ఫిజియోథెరపిస్టు అంటే నడుము, మోకాలు చూసేవారన్న అభిప్రాయం మనలో బాగా పాతుకుపోయింది. దవడ కూడా వారి పనే.

చేతి చికిత్స చూడటానికి చిన్న పని. రోగిని కూర్చోబెట్టి, ఒక చేత్తో తల కదలకుండా పట్టుకుంటారు. గ్లవ్ తొడిగిన రెండో చేతి బొటనవేలిని కింది దవడపళ్ళ మీద ఆనిస్తారు. దవడను మెల్లగా కిందికి నొక్కి, కొన్ని క్షణాలు ఆపి, ముందుకు జరుపుతారు. కీలులో బిగువు సడలి ఎముక తలకు కదిలే చోటు దొరుకుతుంది. కండరాల నొప్పి అయితే బుగ్గ లోపల ఒక వేలు, బయట ఒక వేలు పెట్టి గట్టిపడిన ముడిని పట్టుకుని, నొప్పి తగ్గేదాకా వత్తి ఉంచుతారు. మెడ పైభాగం బిగుసుకుని ఉంటే దాన్నీ సరిచేస్తారు.

అయితే వారానికి ఒకటి రెండు సార్లు చేసే ఆ పని నిలబడాలంటే ఇంట్లో రోజూ వ్యాయామం చేయాలి. ‘న’ అనబోతూ ఆగండి. నాలుక కొస పైపళ్ళ వెనక నిలిచిన చోటే దాని విశ్రాంతి స్థానం. పెదాలు కలిసి, పళ్ళు విడిగా ఉండాలి. నాలుకను అక్కడే ఉంచి, ఒక వేలు కీలు మీద, ఇంకొకటి గడ్డం మీద పెట్టి, దవడను సగం దించి మళ్ళీ మూయాలి. దీన్ని గోల్డ్‌ఫిష్ వ్యాయామం అంటారు. నీటిపైకి వచ్చి నోరాడించే చేపను కొల్లేటి పిల్లవాడైనా చూసే ఉంటాడు కాబట్టి ఇక్కడ వేరే బొమ్మ అక్కర్లేదు. చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో రూపొందించిన పద్ధతిలో ఆరు కదలికలు, ఒక్కొక్కటి ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు చేయాలి. కొల్లేటి లంక ఊళ్ళ నుంచి ఏలూరు వచ్చిపోవడం ఒక పూట పని. బస్సు ఎక్కకుండా ఇంటి అరుగు మీదే సాగే ఈ వైద్యం వాళ్ళకే ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం.

నొప్పి ఉన్నన్నాళ్ళూ తేగలు, చెరుకు ముక్కలు, జంతికలు పక్కన పెట్టాలి. సంక్రాంతి రోజుల్లో ఇది కష్టమే. కొర్రమేను పులుసుకు మాత్రం దవడ పెద్దగా శ్రమపడనక్కర్లేదు. వేడి నీళ్ళ గుడ్డతో కాపడం హాయినిస్తుంది. దవడను శ్రమపెట్టే మరో అలవాటు పళ్ళు కొరకడం. అలా కొరికితే కడుపులో పురుగులున్నాయనే మాట మన ఇళ్ళలో వింటాం. పెద్దవాళ్ళలో ఆ అలవాటుకు మనసులోని ఒత్తిడి, నిద్ర తేడాలు ఎక్కువ కారణం.

జారిన దవడను కాపడం పెట్టి, చోటికి చేర్చి కట్టు కట్టే విధానం సుశ్రుత సంహితలోనే ఉంది. ఆధునిక పరిశోధనకు వస్తే, 2016లో సుసాన్ ఆర్మిహో ఒలివో బృందం 48 అధ్యయనాలను పరిశీలించి, వ్యాయామం, చేతి చికిత్స ఆశాజనకమేననీ, ఆధారాల నాణ్యత మాత్రం తక్కువనీ తేల్చింది. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక నొప్పికి పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాన్నీ, చేతి చికిత్సనూ గట్టిగా సిఫారసు చేశాయి. బిళ్ళను తీసేసే శస్త్రచికిత్స వద్దన్నాయి.

నోరు తెరుచుకోని ప్రతిసారీ దోషం కీలుదే కాదు. గుట్కా, వక్క నమిలేవారిలో బుగ్గ లోపలి పొర బిగుసుకుపోతుంది. అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. పొలంలోనో చేపల చెరువు గట్టు మీదో గాయమైన కొద్ది రోజులకు దవడ బిగుసుకుంటే ధనుర్వాతాన్ని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, వాపు ఉంటే జ్ఞానదంతం చీము కావచ్చు. ఆవులింతలో జారి మూతపడని దవడను ఇంట్లో లాగకూడదు.

వ్యాయామంతో వచ్చిన గుణం తెలుసుకోవడానికి కొలత ఒకటి ఉంది. మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మూడూ నిలువుగా ముందుపళ్ళ మధ్య పడితే నోరు సరిగా తెరుచుకుంటున్నట్టే. అది సుమారు 40 మిల్లీమీటర్లు. రెండు వేళ్ళే పట్టే మనిషి వారానికోసారి స్కేలుతో కొలిచి రాసుకుంటే, 28 మిల్లీమీటర్లు 32 అయినప్పుడు ఆ తేడా తన కంటికే కనబడుతుంది.