ఆపరేషన్ తర్వాత నీళ్లు తోడిందెవరు?

మా ప్రకాశం జిల్లా పల్లెల్లో ‘ఆపరేషన్’ అన్న మాటకి ముందు ఇంకే మాటా అక్కర్లేదు. “ఆ అమ్మాయికి ఆపరేషనయిందా?” అని అడిగితే అపెండిక్స్ సంగతనో, కంటి సంగతనో ఎవరూ అనుకోరు. అది పిల్లలు పుట్టకుండా చేసేదనీ, ఆడమనిషికే చేసేదనీ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయింది. చిన్నప్పట్నుంచీ వింటున్న ఈ మాటకి ఒక చరిత్ర ఉందని పీహెచ్‌డీ చేసేటప్పుడు గానీ నాకు తట్టలేదు. కథల్లో కాన్పు దృశ్యాలు వెతుకుతున్నాను. పురిటి నొప్పులున్నాయి, పుట్టిల్లుంది, బాలింత పథ్యం ఉంది. ఆ తర్వాత జరిగే ఆపరేషన్ మాత్రం నేను చదివినంతలో బహు తక్కువ.

కథల్లో దొరకనిదాన్ని ఇంట్లో వెతికాను.

అమ్మకీ పిన్నికీ 1989లో, నెల తేడాతో, ఒకే ఆసుపత్రిలో ఆపరేషన్లయ్యాయి. తోడికోడళ్లు. ఒకే కులం, ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. అమ్మకి ఇరవై రెండేళ్లు, పిన్నికి ఇరవై. నేను పుట్టాక అమ్మ మూడు నెలలు అమ్మమ్మ దగ్గరుంది. నడికట్టు, వెల్లుల్లికారం, వేణ్నీళ్లు, మధ్యాహ్నం నిద్ర. పిన్నికి తల్లి లేదు. అన్నావదినలు కాన్పు చేయించి, ఆపరేషనయిన తొమ్మిదో రోజున అత్తింట్లో దించేసి వెళ్లారు. ఆ వదినని తప్పుపట్టలేను, ఆమె ఇంట్లోనూ పనికి వేరే చేతులు లేవు. పిన్ని వచ్చేసరికి పొగాకు బ్యారన్ కాలుతోంది. కూలీలతో కలిపి పన్నెండు మందికి వంట. బావిలో నీళ్లు తోడింది పిన్నే. పెద్దకోడలు పుట్టింట్లో ఉంది కదా మరి. అమ్మకి దొరికిన విశ్రాంతిలో కొంత పిన్ని నడుం మీదుగా వచ్చిందేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అమ్మకి ముందే తెలుసనుకుంటాను. ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతుంది.

2002లో, ముప్ఫై మూడేళ్లకి, పొత్తికడుపు నొప్పి పడలేక పిన్ని గర్భసంచి తీయించుకుంది. నేను డాక్టర్ని కాను. ఆ బిందెలకీ ఆ నొప్పికీ ముడిపెట్టి రుజువు చేయలేను. రెండిళ్లలోనూ రుజువులు రాసిపెట్టినవాళ్లెవరూ లేరు.

ఇక ఆ మాట చరిత్ర. కుటుంబ నియంత్రణ ప్రభుత్వ కార్యక్రమంగా మొదలైంది 1952లో. చాలాకాలం కోత ఎక్కువగా మగవాళ్లదే. ఎమర్జెన్సీ నాటి 1976–77లో దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే అందులో 62 లక్షల దాకా వేసెక్టమీలే. ఆ బలవంతం మీద మగవాళ్లకి కోపం వచ్చింది, 1977 ఎన్నికల్లో ప్రభుత్వం పడిపోయింది. మరుసటి ఏడాది మొత్తం ఆపరేషన్లు 10 లక్షల లోపుకి దిగాయి. కార్యక్రమం మాత్రం ఆగలేదు, ఆడవాళ్ల వైపు తిరిగింది. 1980లలో లాప్రోస్కోపీ వచ్చాక క్యాంపుల్లో వరసగా పడుకోబెట్టి చేసేశారు. మగవాళ్ల కోపం ప్రభుత్వాన్ని దించగలిగింది. ఆడవాళ్ల నడుంనొప్పికి ఏ ప్రభుత్వమూ పడిపోలేదు.

ప్రభుత్వం అటు తిరగ్గానే ఇళ్లు ఎందుకంత సులువుగా ఒప్పుకున్నాయన్నదే నా ప్రశ్న. వేసెక్టమీకి కడుపు కొయ్యక్కర్లేదు, అది చిన్న పని. అయినా ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు: “మగాడు నీరసపడితే సంసారమేం కాను?” బావిలో తోడేది, దంచేది, పిల్లని చంకనేసుకుని చేలో వంగేది ఆ లెక్కలో బరువు కిందికి రాదు. ఫలితం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. 2019–21లో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఈ ఆపరేషనయింది. భర్తకి అయినవాళ్లు ఒక శాతం కూడా లేరు.

కోలుకోవడం సంగతి ప్రభుత్వమూ అడగలేదు, అత్తిల్లూ అడగలేదు. ఆ బాధ్యతంతా మాట్లాడకుండా ఇంకో ఆడమనిషి మీద, పుట్టింటి తల్లి మీద పడింది. తల్లి లేకపోతే పిన్నిలాగా. తల్లి ఉన్నా, ఆమె కూలిపనికి వెళ్లేదైతే, కూతురికి నీళ్లు కాచిన ప్రతిరోజూ ఒక కూలిరోజు పోయినట్టే. మా బ్యారన్‌కి వచ్చే దళిత స్త్రీలలో పదిహేనో రోజుకే పనిలోకి దిగినవాళ్లున్నారని పిన్నే చెప్పింది. “నేనే నయం, నీడలో తిరిగాను” అంది. పుట్టిల్లంటే ఆప్యాయత అని రాసుకుంటాం. అందులో ఎన్ని రోజుల తిండీ, ఎన్ని రోజుల కూలీ ఉన్నాయో కూడా రాయాలి.

ఇదంతా సొంత భాషలో మాట్లాడుకోవడానికి ‘సవాలక్ష సందేహాలు’ వచ్చేసరికి 1991 అయింది. పిన్నికది రెండేళ్లు ఆలస్యం. గర్భసంచి తీయించుకోవడంలోనూ ఆమె ఒంటరి కాదు. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల మధ్య స్త్రీలలో దేశం మొత్తం మీద 3.2 శాతానికి అది తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనని 2024లో ఆంధ్రప్రదేశ్ తీసేసింది. జనాభా తగ్గిపోతోందట, ఇప్పుడు కనమంటున్నారు. ఎవర్ని అంటున్నారో చెప్పక్కర్లేదు.

2019లో పిన్ని కూతురికి, అంటే నాకంటే నెల చిన్నదైన చెల్లెలికి, రెండో కాన్పు. మామూలు కాన్పే. అల్లుడున్నప్పుడే నేను వేసెక్టమీ మాటెత్తాను. అతను ఫోన్లోకి చూసుకున్నాడు. జవాబు పిన్ని దగ్గర్నుంచి వచ్చింది: “నువ్వూరుకో అమ్మాయ్. లారీ తోలే మనిషి, నడుం పట్టేస్తే వాళ్లెట్టా బతుకుతారు?”

అంటూనే వేణ్నీళ్ల బకెట్టు ఎత్తబోయి, ఎడంచేత్తో నడుం పట్టుకుని ఆగింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. చెల్లెలికి ఆపరేషనయింది. మూడు నెలలూ పుట్టింట్లోనే ఉంది. నీళ్లన్నీ పిన్నే పెట్టింది.