వెండితెర దిగివచ్చిన కథ

గుణదల కొండమీది మేరీమాత తిరునాళ్లు ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగును. ఆ జనసమ్మర్దములో, కొవ్వొత్తుల అంగళ్లకును జీళ్ల దుకాణములకును నడుమ, నేలపై పరచిన గోనెపట్టామీద సినిమా పాటల పుస్తకములు అమ్ముచుండగా నా బాల్యమున చూచితిని. పాటలకు ముందు అచ్చువేసిన కథాసంక్షేపము చిక్కుముడి బిగిసినంతవరకు నడిచి, తక్కినది వెండితెరపై చూచుకొమ్మని ఆగిపోయెడిది. చేత కానీ లేని పిల్లలము ఆ తక్కినదానిని మేమే అల్లుకొనెడివారము.

చలనచిత్రకథ తెర దాటి ఇతర మాధ్యమములకు ప్రాకుట నేటి వింతయని పలువురందురు. కృష్ణాతీరమున అది పాత సంగతియే. 1921లో పోతిన శ్రీనివాసరావుగారు బెజవాడలో మారుతీ సినిమాహాలు నెలకొల్పిన నాటికి బొమ్మకు మాటయే లేదు. మాట వచ్చిన పిదప తెర మొదట నాటకరంగమునే ఆశ్రయించెను: బందరు నాటకసమాజముతో పెరిగిన పింగళి నాగేంద్రరావుగారి ‘వింధ్యరాణి’ 1948లో చిత్రమైనది, సురభివారు ఊరూర ఆడిన శశిరేఖ కథకే ఆయన 1957లో ‘మాయాబజార్’ కొరకు మాటలు, పాటలు కూర్చిరి.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి ఆరంభమైనది. మూడు గంటల చిత్రమును గంటకు కుదించి, బొమ్మను పూర్తిగా విడిచి, ధ్వనిని మాత్రమే వినిపించు సంక్షిప్త శబ్దచిత్రము రేడియోలో వచ్చు మధ్యాహ్నమున, రేడియో ఉన్న ఇంటి అరుగు ఇరుగుపొరుగులతో నిండి, ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుని నవ్వు వినబడగానే పసిబిడ్డలు సైతము నిశ్శబ్దులగుచుండిరి. తరువాత నూజివీడు అధ్యాపకులు ఎం.వి.ఎల్. గారు ‘ముత్యాలముగ్గు’ను వెండితెర నవలగా వ్రాసిరి, ఆ చిత్రపు సంభాషణలు రికార్డులై పెండ్లిపందిళ్లలో మ్రోగినవి.

2024లో ‘కల్కి 2898 ఏడీ’ విడుదలకు ముందే ‘బుజ్జి అండ్ భైరవ’ యను రెండు భాగముల యానిమేషన్ కథ ఇంటింటి తెరపైకి వచ్చినప్పుడు, నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె సినిమాహాలు గడప తొక్కలేదు. రేడియోలో విన్న మాయాబజారునే రాత్రులు మాకు చెప్పెడిది. ఆమె కథలో ఘటోత్కచుడు ఏలూరు కాలువ దాటి, గుణదల కొండమీద ఒక కాలు మోపి, అక్కడినుండి ద్వారకకు అంగ వేసెడివాడు.