బల్ల చుట్టూ ఆడే ఆటల పుస్తకాల్లో వచనం: నోటికి ఎక్కేదెంత?

సాహిత్య విమర్శ పెద్దగా పట్టించుకోని వచనాల్లో టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ పుస్తకాలది ఒకటి. ‘స్ట్రేంజర్ థింగ్స్’ చూసినవారికి ఈ ఆట పరిచయమే. డంజన్ మాస్టర్ అనే నిర్వాహకుడు ఒక లోకాన్ని మాటల్లో కడతాడు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని తామేం చేస్తారో చెబుతారు, తేలని చోట పాచికలు వేస్తారు. ఆటంతా మాటల మీదే నడుస్తుంది, ఆ మాటలకు ముడిసరుకు పుస్తకం. నిర్వాహకుడు దాన్ని ఆటకు ముందు తీరిగ్గా చదువుతాడు, ఆట మధ్యలో హడావుడిగా వెతుక్కుంటాడు, కొన్ని చోట్ల నలుగురికీ పైకి చదివి వినిపిస్తాడు. మొదటి చదువులో మురిపించి మిగతా రెంటిలో చేతులెత్తేసే వచనం ఎంత అందంగా ఉన్నా ఈ ప్రక్రియకు పనికిరాదన్నది ఈ వ్యాసం వాదన.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ రాసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడు చిన్న పుస్తకాలుగా వెలువడింది. అది యుద్ధక్రీడల అలవాటున్నవారిని ఉద్దేశించిన రచన. పోరాటానికి ‘చెయిన్‌మెయిల్’ అనే మరో నియమావళి చూసుకోమంటుంది. కొత్తవాడికి అసలు ఆట ఎలా మొదలుపెట్టాలో కూడా అందులో దొరకదు. గైగాక్స్ హైస్కూలు చదువు మధ్యలో ఆపేసి, సాహస కథలూ చరిత్రా సొంతంగా చదువుకున్న మనిషి. కొంతకాలం బీమా రంగంలో అండర్‌రైటర్‌గా పనిచేశాడు. 1979 నాటి ‘డంజన్ మాస్టర్స్ గైడ్’లో ఈ రెండు జీవితాలూ కనిపిస్తాయి: పాత నిఘంటువుల్లోంచి తవ్వి తీసిన పదాలు ఒకవైపు, షరతు మీద షరతు పేర్చే పాలసీ పత్రం ధోరణి మరోవైపు. పోరులో ముందు దెబ్బ ఎవరిదో తేల్చే నియమాల మీద ఆటగాళ్లు దశాబ్దాల పాటు వాదించుకున్నారంటే తప్పు వాళ్లది కాదు. అయినా ఆ పుస్తకానికి ఒక గొంతు ఉంది. ఎవరో పెద్దాయన ఎదురుగా కూర్చుని గదమాయిస్తూ చెబుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతును అనుకరిస్తూనే ఒక తరం నిర్వాహకులు తయారయ్యారు. నియమావళిగా ఓడిపోయిన వచనం ఇలా వ్యక్తిత్వంగా గెలిచింది.

కొత్తవాళ్లకు అర్థమయ్యేలా ఆటను తిరగరాసే పని ముందుగా తలకెత్తుకున్నవాడు జె. ఎరిక్ హోమ్స్ (1977). ఆయన వృత్తిరీత్యా నాడీశాస్త్రవేత్త. అయితే ఆ పని సంపూర్ణంగా చేసింది మాత్రం 1981లో టామ్ మోల్డ్‌వే. అరవై నాలుగు పేజీల పుస్తకం, పొట్టి వాక్యాలు, ఎక్కడ వెతకాలో అక్కడే దొరికే నియమం. అందులో ఆట ఎలా సాగుతుందో చూపే నమూనా సంభాషణ ఒకటుంది. బ్లాక్ డూగల్ అనే దొంగ ఒక పెట్టె తెరవబోతాడు. విషపు సూది గుచ్చుకుంటుంది. పాచిక కలిసిరాదు, కూలిపోతాడు. తోటివాడొకడు విచారించడం మాని, నిధి మోయడానికి పనికొస్తుందని చనిపోయినవాడి సంచి లాక్కుంటాడు. ప్రమాదం ఎంత, పాచిక తీర్పు ఎలా ఉంటుంది, ఆటగాళ్లు ఎలాంటి వాళ్లు, ఎక్కడ నవ్వుకోవాలి? ఒక్క ఉపదేశ వాక్యం లేకుండా ఇవన్నీ కొద్ది పంక్తుల్లో తెలిసిపోతాయి. 1983లో ఫ్రాంక్ మెంట్జర్ ఇదే పనిని కథతో చేశాడు: పాఠకుణ్ణే వీరుణ్ణి చేసి, అలీనా అనే సాధ్వితో స్నేహం కలిపి, ఆమెను బార్గిల్ అనే మాంత్రికుడి చేతిలో చంపించాడు. అప్పట్లో ఆ పుస్తకంతో ఆట నేర్చినవాళ్లకు బార్గిల్ మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అసలు పరీక్ష సాహసాల పుస్తకాల్లో గడి కట్టి ముద్రించే వర్ణన దగ్గర ఎదురవుతుంది. పాత్రలు గదిలో అడుగుపెట్టగానే నిర్వాహకుడు దాన్ని ఉన్నదున్నట్టు చదవాలి. ఈ వచనానికి పట్టిన జాడ్యం చూపడానికి మేమే అల్లిన నమూనా ఇది: “యుగయుగాల చీకటిని గర్భాన దాచుకున్న ఈ మందిరంలో కాలు పెట్టగానే మీ వెన్నులో చలి పుడుతుంది. గతవైభవానికి మౌనసాక్షులైన స్తంభాల నడుమ విషాదం ఘనీభవించింది. మూలన పెద్ద సాలీడు మీకేసి చూస్తోంది.” వెన్నులో చలి పుట్టిందో లేదో చెప్పాల్సింది పాత్రధారి, పుస్తకం కాదు. పైగా అందరూ తక్షణం స్పందించాల్సిన సాలీడు చివర్లో వచ్చింది, అప్పటికి సగం మంది వినడం మానేసి ఉంటారు. అదే గదిని ఇలా రాయవచ్చు: “తలుపు లోపలికి తెరుచుకుంది. మోకాలి లోతు నీళ్లు. దీపం నూనె కాలిన వాసన వస్తోంది గానీ దీపం లేదు. ఎదుటి మెట్ల మీద తడి అడుగులు పైకి వెళ్లాయి.” ఇక్కడ అలంకారం ఒక్కటీ లేదు, కానీ ప్రతి వాక్యానికీ బల్ల చుట్టూ ఎవరో ఒకరు ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నే ఆట.

1991లో వచ్చిన ‘వాంపైర్: ది మాస్కరేడ్’ ఈ దారి తప్పిందని కొందరంటారు. మార్క్ రీన్-హేగెన్ సృష్టించిన ఆ లోకం నియమాలకంటే ముందు వాతావరణం పరుస్తుంది. చదువుకోవడానికి బాగుంటుంది, ఆట మధ్యలో ఒక నియమం కావాలంటే మాత్రం పేజీలు తిరగేస్తూ కూర్చోవాలి. 2010 నాటి ‘అపోకలిప్స్ వరల్డ్’లో విన్సెంట్ బేకర్ సమస్యను మూలంలోనే పట్టుకున్నాడు. ఆట అంటే సంభాషణ అని ముందే చెప్పి, నియమాలను కూడా సంభాషణలో ఒదిగేలా రాశాడు: మీరు ఫలానా పని చేసినప్పుడు పాచికలు వేయండి, ఇంత పడితే ఇది జరుగుతుంది. నిర్వాహకుడు తాను వేసే ఎత్తు పేరు పైకి చెప్పకూడదని, ఆటగాళ్లను కాక పాత్రలనే పలకరించాలని కూడా శాసించాడు. నియమమూ శైలీ ఒకటైపోయిన అరుదైన చోటు ఇది. ఆ పుస్తకం బూతులు మాత్రం మాకు అతిగానే తోచాయి.

2019లో గావిన్ నార్మన్ ‘ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్’ పేరిట 1981 నాటి నియమాలను తిరిగి అమర్చాక, గదులను ముద్దక్షరాల మాటలుగా, ముక్కలుగా రాయడం బలపడింది. వెతుక్కోవడానికి దాన్ని మించింది లేదు. కానీ ముక్కలను వాక్యాలుగా అతికే బరువు నిర్వాహకుడి నెత్తిన పడుతుంది. మాటకారి ఆ బరువు మోస్తాడు, కొత్తవాడు తడబడతాడు. అందుకే మా తూకంలో మోల్డ్‌వే పుస్తకమే ఇప్పటికీ మొగ్గుతుంది.

ఈ రంగంలో ఏటా ఇచ్చే ‘ఎన్నీ’ అవార్డుల్లో ఉత్తమ రచనకు ప్రత్యేక విభాగం ఉంది. సమీక్షకులు మాత్రం ఎక్కువగా కుర్చీలో ఒంటరిగా చదివి తీర్పు చెప్పేస్తుంటారు. సమీక్ష రాయబోయేవారికి మా విన్నపం ఒక్కటే: పుస్తకంలోని ఒక గదినైనా నలుగురి మధ్య పైకి చదివి, వాళ్లు ఏం అడిగారో విని, ఆ తర్వాతే కలం పట్టండి.