ర్యాపిడ్ చెస్‌లో చిన్న రేటింగ్ పెద్ద రేటింగ్‌ను ఎలా ఓడిస్తుంది? గేమ్ అయ్యాక ఏం చూడాలి?

2024 డిసెంబర్ 26. న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చెస్ ఛాంపియన్‌షిప్ మొదలైన రోజు. 2019లో మాస్కోలో ఇదే టైటిల్ గెలిచిన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి తొలి రౌండ్‌లోనే ఓడిపోయింది. ప్రత్యర్థి కజకిస్తాన్‌కు చెందిన అమీనా కైర్బెకోవా. రేటింగ్‌లో హంపి కంటే బాగా కింద ఉన్న క్రీడాకారిణి. అప్పటికి హంపి వయసు 37. ఇక ఈసారికి అంతే అనుకోవడానికి కారణాలు చాలానే కనిపించాయి.

కట్ చేస్తే.. రెండు రోజుల తర్వాత ట్రోఫీ హంపి చేతిలో ఉంది. మిగిలిన పది గేముల్లో 8.5 పాయింట్లు తెచ్చుకుంది. చివరి రౌండ్‌కు ముందు ఏడుగురు 7.5 పాయింట్లతో సమానంగా ఉన్నారు. వాళ్లలో గెలిచింది ఒక్క హంపి మాత్రమే. ఇండోనేసియాకు చెందిన ఇరీన్ సుకందర్‌ను నల్లపావులతో ఓడించింది.

గోదావరి జిల్లాల్లో పిల్లల్ని ఆదివారం టోర్నీలకు తిప్పే తల్లిదండ్రులకు ఇందులో మొదటి సీన్ బాగా తెలుసు. అమలాపురం నుంచో, భీమవరం నుంచో పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వస్తారు. తొలి రౌండ్‌లో తనకంటే 200 పాయింట్లు తక్కువున్న పిల్లాడి చేతిలో ఓడిపోయి, "ఇంటికెళ్లిపోదాం నాన్నా" అంటూ కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లలు ప్రతి టోర్నీలోనూ ఉంటారు. హాలు బయట వెంటనే మొదలయ్యే మాట ఒకటుంది. "వాడి చేతిలో ఎలా ఓడిపోయావు?" అసలు ఆ ప్రశ్నకు సరైన జవాబు వెతకడమే గేమ్ విశ్లేషణ.

తొలి రౌండ్‌లోనే ఎందుకిలా?

ముందు జతలు ఎలా కుదురుతాయో చూద్దాం. ఈ టోర్నీలు ఎక్కువగా స్విస్ పద్ధతిలో నడుస్తాయి. 60 మంది ఉంటే రేటింగ్ ప్రకారం వరస కట్టి రెండు సగాలు చేస్తారు. ఒకటో నంబర్‌కు 31వ నంబర్, రెండో నంబర్‌కు 32వ నంబర్ ఎదురవుతారు. అంటే బలవంతుడికీ, బలహీనుడికీ మధ్య గేమ్ అనేది తొలి రౌండ్‌లో అనుకోకుండా వచ్చేది కాదు. పద్ధతే అది.

ఇక రేటింగ్ తేడా అంటే ఏంటి? 80 పాయింట్లు ఎక్కువున్న వాళ్లు వంద గేములు ఆడితే సుమారు 61 పాయింట్లు తెచ్చుకుంటారని లెక్క. 200 ఎక్కువైతే 76. 400 ఎక్కువైతే 90 దాటుతుంది. మరోలా చూస్తే, 200 పాయింట్లు తక్కువున్న పిల్లాడికి కూడా వందలో 24 పాయింట్ల వాటా ముందే రాసిపెట్టి ఉంది. గెలుపో, డ్రానో.. ఏ ఆదివారం వస్తుందో మాత్రం లెక్క చెప్పదు.

గడియారం పాత్ర

ఒక్కొక్కరికి 10 నిమిషాల కంటే ఎక్కువ, 60 నిమిషాల కంటే తక్కువ సమయం ఉంటే దాన్ని ర్యాపిడ్ అంటారు. న్యూయార్క్‌లో 15 నిమిషాలు, దానికి తోడు ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు. ఫిడే లెక్కలో 60 ఎత్తులకు కలిపితే ఇది 25 నిమిషాలు. ఈ టైమ్‌లో పెద్ద ఆటగాళ్లు కూడా అన్నీ లెక్కకట్టి ఆడలేరు. చాలా ఎత్తులు అలవాటు మీదే పడతాయి.

దీనికి 2025 జులై 28న జార్జియాలోని బటూమీలో జరిగిన మహిళల ప్రపంచకప్ ఫైనల్ మంచి ఉదాహరణ. హంపి రేటింగ్ 2543, దివ్య దేశ్‌ముఖ్ రేటింగ్ 2463. తేడా 80. రెండు క్లాసికల్ గేములు డ్రా. టైబ్రేక్‌లో తొలి ర్యాపిడ్ గేమ్ కూడా డ్రా. రెండో దాంట్లో హంపికి తెల్లపావులు. గేమ్ ఎండ్‌గేమ్ వరకు సాగింది. గడియారంలో సమయం కరిగిపోతున్న కొద్దీ హంపి తప్పులు చేసింది, నల్లపావులతో దివ్య గెలిచింది. ఈ గెలుపుతో 19 ఏళ్లకే ప్రపంచకప్‌తో పాటు గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా దివ్య చేతికొచ్చింది. అంతకుముందు క్వార్టర్‌ఫైనల్‌లో మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక కూడా ర్యాపిడ్ టైబ్రేక్‌లోనే దివ్య చేతిలో ఓడింది.

ఇక్కడ ఒక్క విషయం ఆసక్తికరం. గెలిచాక దివ్య, తాను ఎండ్‌గేమ్‌లు ఇంకా నేర్చుకోవాలని, సులువుగా గెలవాల్సిన చోట ఎక్కడో తడబడ్డానని చెప్పింది. ప్రపంచకప్ గెలిచిన నిమిషాల్లోనే! ఓడినవాళ్లు మాత్రమే గేమ్‌ను తిరగేసి చూసుకోవాలి అనుకునే మన అలవాటుకు ఇది పూర్తిగా భిన్నం.

ముందు గేమ్ గుర్తుండాలి కదా!

ర్యాపిడ్‌లో ఎత్తులు రాసుకోవాల్సిన పని లేదు. హాల్లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కాబట్టి గేమ్ అయ్యాక రికార్డు ఉండేది బుర్రలోనే. మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి సగం ఎగిరిపోతుంది. బయటికి రాగానే ఒక కాగితం మీద గుర్తున్నంత వరకు ఎత్తులు రాసేయాలి. అన్నీ గుర్తు లేకపోయినా నష్టం లేదు, కీలకమైన పొజిషన్ ఒక్కటి గీసుకున్నా చాలు. దాని పక్కనే ఇద్దరి గడియారాల్లో సుమారుగా ఎంత టైమ్ ఉందో రాయాలి. చాలామంది వదిలేసేది ఇదే. మూడు నిమిషాలు చేతిలో ఉండి చేసిన తప్పు, పన్నెండు సెకన్లలో చేసిన తప్పు ఒకటి కావు. మొదటిది ఆట తెలియక వచ్చింది. రెండోదానికి మూలం చాలాసార్లు ఓపెనింగ్‌లో అనవసరంగా ఖర్చుపెట్టిన ఐదు నిమిషాల్లో ఉంటుంది.

ఆ తర్వాతే ఇంజిన్. యూట్యూబ్ లైవ్‌లో బోర్డు పక్కన నిలువుగా తెలుపు, నలుపు పట్టీ పైకీ కిందకీ కదలడం చూస్తుంటాం కదా. పక్కన కూర్చున్న నాన్నకు ఆ పట్టీ చూస్తే అంతా తేలిక అనిపిస్తుంది. కానీ ఆ అంకె కంప్యూటర్ రెండువైపులా తప్పు లేకుండా ఆడితే వచ్చే ఫలితం. 1450 రేటింగ్ ఉన్న పిల్లాడికి 40 సెకన్లలో ఆ ఒకే ఒక్క ఎత్తు కనబడుతుందా అన్నది పట్టీకి తెలియదు. అందుకే బలమైన ఆటగాళ్లు కొన్నిసార్లు ఇంజిన్ మెచ్చని ఎత్తులు కావాలనే వేస్తారు. డ్రా అయ్యే పొజిషన్‌ను చిక్కుముడి చేసి అవతలివాడిని ఆలోచనలో పడేస్తారు. అది బెడిసికొట్టినప్పుడే తొలి రౌండ్ సంచలనాలు!

చిన్న రేటింగ్ వాళ్ల గేముల్లో మాత్రం తప్పులు వేరే రకం. పెద్దవాడి మీద ఒక బంటు ఎక్కువ రాగానే కంగారుపడి పావులన్నీ మార్చేసుకుంటారు. చివరికి గెలవలేని ఎండ్‌గేమ్ మిగులుతుంది. లేదంటే గెలిచే పొజిషన్‌లో "డ్రానా అన్నా?" అని అడిగేస్తారు. ఇంజిన్ దీన్ని తప్పుగా చూపించదు, ఎందుకంటే అది ఎత్తే కాదు. అయినా ఆ గేమ్‌లో అతి పెద్ద పొరపాటు అదే కావచ్చు.

10 సెకన్లు చాలే చోటు ఒకటుంది

ఒక ఏనుగు, ఒక బంటుకు ఎదురుగా ఒంటరి ఏనుగు. ర్యాపిడ్ గేములు తరచుగా తేలేది ఇక్కడే. తెల్ల రాజు డీ5లో, బంటు ఈ5లో, నల్ల రాజు ఈ8లో ఉన్నాయనుకుందాం. నల్ల ఏనుగును ఏ6లో నిలబెడితే తెల్ల రాజు ఆరో వరుసలోకి రాలేదు. బంటు ఈ6కు జరిగిందా.. వెంటనే ఏనుగు ఏ1కి దిగిపోయి వెనక నుంచి చెక్‌లు ఇస్తూ ఉండాలి. ముందుకు వెళ్లిపోయిన బంటు ఇక రాజుకు గొడుగు పట్టలేదు. గేమ్ డ్రా. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ పేరుతో ఉన్న పద్ధతి ఇది. తెలిసినవాడికి ప్రతి ఎత్తుకూ వచ్చే 10 సెకన్లు ఎక్కువే. తెలియనివాడికి పది నిమిషాలిచ్చినా దొరకడం కష్టం. 300 పాయింట్ల తేడా ఇక్కడ మాయమైపోతుంది.

ఇంతకీ ఆ తొలి రౌండ్ ఓటమి ఖరీదెంత? ర్యాపిడ్ రేటింగ్‌లో ఒక గేమ్‌కు వాడే గుణకం 20. 200 పాయింట్లు తక్కువున్న వాడితో గెలిస్తే వచ్చేది 4.8. డ్రా అయితే పోయేది 5.2. ఓడితే 15.2. అలాంటి వాళ్లపై వరుసగా మూడు గేములు గెలిచినా తిరిగి వచ్చేది 14.4. ఇంకో 0.8 బాకీ ఉంటుంది. నాలుగో గేమ్ ఆడాలంటే మాత్రం మధ్యాహ్నం బస్సు వదులుకోవాలి.